దారిలో జారిన గుళిక

రేడియోధార్మికత అనగానే సామాన్యునకు అణుబాంబో, అణువిద్యుత్ కేంద్రమో గుర్తుకు వచ్చును. కాని రేడియోధార్మిక పదార్థము ఆ రెండు చోట్లనే ఉండునని అనుకొనరాదు. గనులలో, సిమెంటు కర్మాగారములలో, కాగితపు మిల్లులలో, చమురు బావుల వద్ద, ఆసుపత్రులలో చిన్న చిన్న గుళికల రూపమున అది దినదినము పని చేయుచున్నది. ఇట్టి గుళికలను కిరణజనకములు అనవచ్చును. ఇవి ఎల్లకాలము ఒకేచోట ఉండవు. తయారైన చోటి నుండి పనిచేయు చోటికి, అచ్చటి నుండి మరమ్మతునకు, ఆయువు తీరిన పిదప భద్రపరచు చోటికి ప్రయాణము చేయుచుండును.

ఇట్లు ప్రయాణములో నున్న గుళిక ఏ క్షణమున ఎక్కడ నున్నది? ఆ సంగతి ఎవరికి తెలిసి యుండవలెను? ఈ ప్రశ్నలకు సమాధానముగా 1961 నుండి అంతర్జాతీయ నియమములు వెలువడుచునే యున్నవి. అయినను 2023 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో జరిగిన ఒక సంఘటన ఆ సమాధానము ఇంకను పూర్తి కాలేదని లోకమునకు చూపినది.

గుళిక చేయు పని

ఇనుప గనిలో ఖనిజమును పిండిగొట్టి యంత్రములలోనికి పంపునప్పుడు, ఎంత దట్టమైన సరకు పోవుచున్నదో తెలియవలెను. ధారగా పోవుచున్న రాళ్లను ఆపి తూచుటకు వీలులేదు. లోపల కొలత పరికరము నుంచినచో రాళ్ల తాకిడికి అది అరిగిపోవును. అందుచేత సరకు పోవు గొట్టమునకు ఒక ప్రక్క సీజియం-137 గుళికను, రెండవ ప్రక్క కిరణములను లెక్కించు గణకమును అమర్చుదురు. గుళిక నుండి వెలువడు గామా కిరణములు గొట్టమును, అందలి సరకును చొచ్చుకొని ఆవలి ప్రక్కకు చేరును. సరకు దట్టముగా నున్నచో తక్కువ కిరణములు, పలుచగా నున్నచో ఎక్కువ కిరణములు గణకమును చేరును. ఆ హెచ్చుతగ్గులను బట్టి సరకు సాంద్రత తెలియును. దేనిని తాకనవసరము లేదు, దేనిని ఆపనవసరము లేదు.

సీజియం-137 ప్రకృతిలో సహజముగా దొరకునది కాదు. యురేనియం పరమాణువులు చీలినప్పుడు పుట్టు శకలములలో అది యొకటి. రెండవ ప్రపంచయుద్ధము తరువాత అణురియాక్టర్లు వ్యాపించుటతో సీజియం-137, కోబాల్టు-60, ఇరిడియం-192 వంటి ఐసోటోపులు పరిశ్రమలకు విరివిగా లభించినవి. అంతకు పూర్వము ఇట్టి పనులకు మిక్కిలి ఖరీదైన రేడియమే దిక్కు. సీజియం-137 అర్ధాయువు సుమారు 30 సంవత్సరములు. అనగా నేడున్న బలము 30 ఏండ్లకు సగమగును, మరి 30 ఏండ్లకు అందులో సగమగును. ఒకసారి అమర్చిన గుళిక దశాబ్దముల తరబడి పనిచేయుటకు ఇదియే కారణము. ఒకసారి పోగొట్టుకొన్న గుళిక దశాబ్దముల తరబడి ప్రమాదకరముగా నుండుటకు కూడ ఇదియే కారణము.

పెట్టె, చీటీ, లెక్క

1957లో ఏర్పడిన అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, రేడియోధార్మిక పదార్థముల రవాణాకు 1961లో మొదటిసారిగా నియమములను ప్రకటించినది. తరువాత అవి పలుమార్లు సవరింపబడినవి. వానిలోని మూలసూత్రము తేలికైనది. లారీ నడుపువాడు, సరకు మోయువాడు రేడియోధార్మిక శాస్త్రము చదివినవారై యుండవలెనని ఆశించరాదు. కనుక రక్షణ అంతయు పెట్టెలోనే ఇమిడి యుండవలెను.

పెట్టెలలో ముఖ్యముగా రెండు రకములు కలవు. కొంత హద్దు వరకు బలము గల జనకములకు ‘ఏ’ రకపు పెట్టె చాలును. దానిని నీటితో తడిపి, 1.2 మీటర్ల ఎత్తు నుండి పడవేసి, దాని బరువునకు ఐదు రెట్ల బరువు పైన పేర్చి పరీక్షింతురు. ఆ హద్దు మించిన జనకములకు ‘బి’ రకపు పెట్టె కావలెను. దానిని 9 మీటర్ల ఎత్తు నుండి ఏమాత్రము లొంగని గట్టి తలముపై పడవేయుదురు. 800 డిగ్రీల సెంటిగ్రేడు మంటలో అరగంట సేపు కాల్తురు. అంతటితోను లోని జనకము భద్రముగా నుండవలెను.

పెట్టెపై అంటించు చీటీలకు కూడ అర్థమున్నది. తెల్లచీటీ ఉన్న పెట్టె ఉపరితలమున కిరణతీవ్రత అత్యల్పము. పసుపు చీటీలు అంతకంటె హెచ్చు తీవ్రతను తెలుపును. పెట్టెకు ఒక మీటరు దూరమున గంటకు ఎన్ని మిల్లీసీవర్టులు పడునో కొలచి, ఆ అంకెను నూరుతో హెచ్చవేసి పసుపు చీటీపై వ్రాయుదురు. దీనినే రవాణా సూచిక అందురు. దానిని చూచి ఒక లారీలో ఎన్ని పెట్టెలు పట్టించవచ్చునో, మనుష్యులు ఎంత దూరమున నుండవలెనో నిర్ణయింపవచ్చును.

ఇంకొక నియమము చూచుటకు అతి సామాన్యమైనది. దారిలోని కుదుపులకు బోల్టులు, మరలు వదులై ఊడిపోకుండ పెట్టెను నిర్మింపవలెనని అది చెప్పుచున్నది. 2023లో ఆస్ట్రేలియాలో తలెత్తిన కథ అంతయు ఈ చిన్న నియమము చుట్టునే తిరిగినది.

గని నుండి నగరమునకు

పశ్చిమ ఆస్ట్రేలియాలో పిల్బరా అను ప్రాంతము ఎర్రని నేలకు, ఇనుప ఖనిజమునకు ప్రసిద్ధి. అచ్చట న్యూమన్ పట్టణ సమీపమున రియో టింటో సంస్థకు చెందిన గుడాయ్-దర్రి గని కలదు. ఆ గనిలోని సాంద్రతామాపకము ఒకటి మరమ్మతుకు వచ్చినది. దానిలోని సీజియం-137 గుళిక పొడవు 8 మిల్లీమీటర్లు, వ్యాసము 6 మిల్లీమీటర్లు. అనగా శనగగింజంత. బలము 19 గిగాబెకరెల్లులు, పాత లెక్కలో సుమారు అర క్యూరీ.

2023 జనవరి 10న ఆ మాపకమును పెట్టెలో సర్దిరి. జనవరి 12న అది లారీపై గనిని విడచి, 1400 కిలోమీటర్ల దూరము ప్రయాణము చేసి 16న పెర్త్ నగరము చేరినది. విశాఖపట్టణము నుండి హైదరాబాదు మీదుగా ముంబాయి చేరుటకు పట్టు దూరము దాదాపు ఇంతయే. పెట్టె చేరినది, లెక్కలో అంతయు సరిగానే యున్నది. తొమ్మిది దినములు అది అట్లే యున్నది. జనవరి 25న మూత తెరచి చూడగా మాపకము విడిపోయి యున్నది. నాలుగు బోల్టులలో ఒకటి లేదు. మరలు లేవు. గుళికయు లేదు.

దారిలోని కుదుపులకు బోల్టు ఊడి, ఆ రంధ్రము గుండ గుళిక క్రిందికి జారియుండునని అధికారులు భావించిరి. నడుమ గడచినది 13 దినములు. పోయిన చోటు 1400 కిలోమీటర్ల దారిలో ఎక్కడనైన కావచ్చును.

ఎంత ప్రమాదము?

ఈ గుళిక నుండి ఒక మీటరు దూరమున గంటకు సుమారు 1.7 మిల్లీసీవర్టుల కిరణమోతాదు పడును. ప్రకృతిసిద్ధముగా నేల నుండి, ఆకాశము నుండి, ఆహారము నుండి మానవునకు ఏడాదికి చేరు మోతాదు సగటున 2.4 మిల్లీసీవర్టులు. అనగా గుళికకు మీటరు దూరమున గంటన్నర కూర్చున్నవానికి దాదాపు ఒక సంవత్సరపు మోతాదు అందును.

దూరము పదవ వంతైనచో తీవ్రత నూరు రెట్లగును. దీపపు వెలుతురునకు వర్తించు విలోమవర్గ సూత్రమే కిరణములకును వర్తించును. కనుక 10 సెంటిమీటర్ల దూరమున గంటకు 170 మిల్లీసీవర్టులు. మెరయుచున్నది కదా యని ఏ బాటసారియో దానిని ఏరి జేబులో వేసికొన్నచో చర్మము కాలి, మానని పుండు పడవచ్చును. అదే సూత్రము రెండవ వైపున రక్షణయు కల్పించుచున్నది. పది మీటర్లు ఎడముగా నున్నవానికి తీవ్రత మీటరు దూరమున ఉన్నదానిలో నూరవ వంతే. అందుచేతనే జనవరి 27న అధికారులు ప్రజలకు ఇచ్చిన హెచ్చరిక సరళముగా నున్నది: గుళికవంటిది కనబడినచో అయిదు మీటర్ల దూరమున నిలువుడు, తాకకుడు, కబురు చేయుడు. గుళిక టైరు గాడిలో ఇరుక్కొని వేరొక చోటికి పోవచ్చునని, ఆ దారిన వెళ్లిన వాహనముల వారిని టైర్లు చూచుకొనుడని కూడ కోరిరి.

కంటికి కాక గణకమునకు

శనగగింజంత లోహపు గుళికను 1400 కిలోమీటర్ల రోడ్డుపై కంటితో వెదకుట జరుగని పని. కాని ఈ గుళిక తన ఉనికిని తానే చాటుకొనుచున్నది. దానిని వినగల చెవి మాత్రము కావలెను. ఆ చెవియే కిరణగణకము.

మొదట వెదకువారు చేతిలో పట్టుకొను పరికరములతో బయలుదేరిరి. తరువాత వాహనములపై అమర్చు సున్నితమైన పరికరములు వచ్చినవి. లారీలోని ఉపగ్రహ స్థాననిర్ణయ పరికరము నమోదు చేసిన లెక్కలను బట్టి అది ఏ దారిన వచ్చినది, ఎక్కడ ఆగినది అధికారులు తెలిసికొనగలిగిరి. ఆ లెక్కయే లేనిచో వెదకవలసిన చోటు ఎన్ని రెట్లు పెరిగి యుండునో ఊహించుకొనవచ్చును.

ఫిబ్రవరి 1వ తేదీ ఉదయము గ్రేట్ నార్తర్న్ రహదారిపై గంటకు 70 కిలోమీటర్ల వేగముతో పోవుచున్న వాహనములోని పరికరము కిరణములను పసిగట్టినది. అంత వేగములో ఎట్లు సాధ్యమైనదో సులభముగ లెక్క కట్టవచ్చును. ఆ వేగమున వాహనము సెకండునకు 19 మీటర్లు పోవును. గుళికకు ఇరువది మీటర్ల దూరమున గూడ కిరణతీవ్రత ప్రకృతిసిద్ధమైన తీవ్రతకు పలు పదుల రెట్లుండును. అయిదు మీటర్ల దూరమున వందల రెట్లు మించును. వాహనము ఆ ప్రాంతమును దాటుటకు రెండు సెకండ్లు పట్టును. మంచి గణకమునకు ఆ రెండు సెకండ్లే చాలును.

పిదప చేతిపరికరములతో వెదకగా, న్యూమన్ పట్టణమునకు దక్షిణమున, రోడ్డు అంచునకు రెండు మీటర్ల దూరములో గుళిక దొరికినది. చుట్టును 20 మీటర్ల మేర ఎవరిని రానీయక, గుళికపై చెక్కిన సంఖ్యను లెక్కలోని సంఖ్యతో సరిచూచి, సీసపు పెట్టెలో భద్రపరచిరి. సీజియం కిరణములకు సుమారు ఆరున్నర మిల్లీమీటర్ల సీసము అడ్డుపెట్టినచో తీవ్రత సగమగును. అట్టి పొరలు పది పేర్చినచో తీవ్రత వేయింట ఒక వంతునకు దిగును. ఎవరికిని హాని జరిగినట్లు తెలియరాలేదు.

కథ సుఖాంతమైనది. కాని అందులోని లోపమును గమనింపవలెను. పెట్టె పెర్త్ చేరిన జనవరి 16ననే ఎవరైన ఒక గణకమును దాని దగ్గర పెట్టియున్నచో, లోపల గుళిక లేదని నిమిషములో తేలియుండును. పెట్టెను లెక్కించిరి, పెట్టెలోని దానిని లెక్కించలేదు. ఆ రాష్ట్రమున అప్పటి చట్టము 1975 నాటిది. ఇట్టి నిర్లక్ష్యమునకు అందు విధించిన గరిష్ఠ జరిమానా 1000 డాలర్లు, దానిపై దినమునకు 50 డాలర్లు. ఈ సంఘటన తరువాత అది చాల స్వల్పమని దేశమంతట విమర్శ వచ్చినది.

లెక్క తప్పిన చోట్ల

గుళిక లెక్క తప్పినచో ఏమగునో అంతకు ముందే పలు దేశములకు అనుభవమైనది. మెక్సికోలోని సియుదాద్ హువారెస్ నగరములో, వాడుకకు రాక గిడ్డంగిలో పడియున్న ఒక వైద్యయంత్రమును 1983 డిసెంబరులో విప్పి పాత ఇనుముగా అమ్మిరి. అందులో మిల్లీమీటరు ప్రమాణము గల కోబాల్టు-60 గుండ్లు సుమారు 6000 ఉన్నవి. అవి ఇనుముతోపాటు కరగి, ఇండ్ల నిర్మాణమునకు వాడు కడ్డీలుగా మారినవి. 1984 జనవరి 16న ఆ కడ్డీలతో పోవుచున్న లారీ ఒకటి అమెరికాలోని లాస్ అలమోస్ అణుప్రయోగశాల వద్దకు వచ్చినప్పుడు అచ్చటి గణకము మ్రోగినది. ఆ లారీ ఆ దారిన రానిచో సంగతి ఎప్పటికి బయటపడెడిదో! తరువాత మెక్సికోలో వందల కొలది కట్టడములను కూల్చవలసి వచ్చినది.

1987 సెప్టెంబరులో బ్రెజిల్ దేశపు గోయానియా నగరములో, ఖాళీచేసిన ఒక ఆసుపత్రి భవనములో వదలివేసిన యంత్రము నుండి సీజియం-137 బయటపడినది. చీకటిలో నీలముగా వెలుగు ఆ పొడిని వింతగా చూచి ఇంటింటికి పంచుకొనిరి. నలుగురు మరణించిరి. లక్షా పన్నెండు వేల మందిని పరీక్షింపవలసి వచ్చినది.

టర్కీ దేశములో జరిగినది రవాణాకు నేరుగా సంబంధించినది. అమెరికాకు తిప్పి పంపుటకై 1993లో పెట్టెలలో సర్దిన కోబాల్టు జనకములు పంపబడక నిలిచిపోయినవి. చివరకు ఇస్తాంబుల్‌లోని ఒక గిడ్డంగి నుండి 1998లో పాత ఇనుముగా అమ్ముడైనవి. పదిమందికి తీవ్రమైన కిరణవ్యాధి సోకినది. బయలుదేరవలసిన సరకు బయలుదేరలేదని, చేరవలసిన చోట చేరలేదని అడిగినవారు లేకపోవుటయే ఇందులోని మూలకారణము.

ఈ అనుభవముల ఫలితముగా 2003లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కిరణజనకముల భద్రతకు ఒక నియమావళిని ఆమోదించినది. జనకములను ప్రమాదమును బట్టి ఐదు తరగతులుగా విభజించిరి. మొదటి రెండు తరగతుల జనకముల రవాణాపై ఎక్కువ నిఘా ఉండును. ఆస్ట్రేలియా గుళిక ఆ లెక్కన నాలుగవ తరగతికి చెందును. కాగితముపై తక్కువ ప్రమాదకరమైనదే. అయినను దాని కొరకు ఒక రాష్ట్రమంతయు కదలవలసి వచ్చినది. పెద్ద జనకములపై దృష్టి నిలుపుట న్యాయమే గాని, చిన్నవానిని లెక్కించుట మానరాదని దీని వలన తెలియుచున్నది.

మన దేశములో

భారతదేశమున మొదటి అణురియాక్టరు అప్సర 1956లో ట్రాంబేలో పనిచేయ నారంభించినది. తరువాత ఐసోటోపుల తయారీ అచ్చటనే వృద్ధి చెందినది. వీని వాడుక విస్తరించుటతో 1983 నవంబరు 15న అణుశక్తి నియంత్రణ మండలి ఏర్పడినది. జనకమును కొనుటకు, ఒకచోటి నుండి ఇంకొక చోటికి పంపుటకు, పని తీరిన పిదప తిరిగి అప్పగించుటకు మండలి అనుమతి అవసరము.

అయినను 2010లో ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుము బజారులో కోబాల్టు-60 బయటపడి ఒకరు మరణించిరి. మరికొందరు ఆసుపత్రి పాలైరి. అది ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో 1985 నుండి వాడకుండ పడియున్న యంత్రములోనిది. వేలము వేసినవారికి దానిలో ఏమున్నదో తెలియలేదు. తెలుగునాట గూడ ఇట్టి సంఘటన కలదు. 2019 జనవరిలో రాజమహేంద్రవరము ప్రాంతమున చమురు బావుల పరిశీలనకు వాడు సీజియం-137 పెట్టె కనబడకుండ పోయి, కొద్ది దినములకు కృష్ణా జిల్లాలో ఒక పాత ఇనుప సామానుల దుకాణములో దొరికినది.

ఈ ఉదంతములన్నిటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక సంగతి స్పష్టమగును. సీసపు పొర పలుచబడుట చేతనో, పెట్టె మంటలో కాలుట చేతనో జరిగిన ప్రమాదము వీనిలో ఒక్కటియు లేదు. గుళిక ఎవరి చేతిలో నున్నదో చెప్పగలవాడు లేని క్షణముననే ప్రతి కథయు మొదలైనది. కనుక పెట్టె ఎంత గట్టిదైనను, బయలుదేరునప్పుడు ఒకసారి, చేరినప్పుడు ఒకసారి గణకముతో చూచి సంతకము చేయు అలవాటు అంతకంటె ముఖ్యము. ఆ పనికి పట్టునది కొన్ని నిమిషములు మాత్రమే.

సామాన్య పౌరుడు, ముఖ్యముగా పాత ఇనుము వ్యాపారి, తెలిసికొనవలసినది కూడ కొంత కలదు. నడుమ చుక్క, చుట్టును మూడు రెక్కలు గల గుర్తు 1946లో అమెరికాలోని బర్క్‌లీలో పుట్టి లోకమంతట రేడియోధార్మికతకు చిహ్నమైనది. దాని అర్థము తెలియనివారే ఎక్కువగా ప్రమాదములకు లోనైరి. అందుచేత 2007లో ప్రమాదకరమైన జనకముల కొరకు ఎర్రని ముక్కోణములో కిరణములు, కపాలము, పరుగెత్తు మనిషి గల మరియొక గుర్తును రూపొందించిరి. ఈ గుర్తులున్న వస్తువుగాని, పరిమాణమునకు మించిన బరువు గల మూతవేసిన లోహపు డబ్బాగాని కనబడినచో తెరువరాదు, కోయరాదు, కరగింపరాదు. ఎడముగా నిలచి పోలీసులకు తెలియజేయవలెను.

శనగగింజంత గుళికపై ఏ గుర్తును కంటికి కనబడునట్లు చెక్కుటకు చోటులేదు. దానిపై పట్టునది ఒక సంఖ్య మాత్రమే. ఆ సంఖ్య ఏ పుస్తకములో వ్రాసియున్నదో, ఆ పుస్తకమును ఎవరు ఎప్పుడు తెరచి చూచుచున్నారో, గుళిక వలన మేలు కలుగునో కీడు కలుగునో దానిని బట్టియే యుండును.